జర్మనీ టైర్లు, మా అత్తయ్య రోత

మా అత్తయ్య పోయిందని పోయిన నెలలో ఒక పొద్దున ఫోను వచ్చింది. ఆమె పెద్దకూతురు చేసింది. కాఫీ తాగమని లేపబోతే లేవలేదట. ఎనభై దాటిన మనిషి, ఎవరిచేతా చాకిరీ చేయించుకోకుండా వెళ్లిపోయింది, ఇంతకంటే మంచి చావు ఏముంటుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ నరసరావుపేట బస్సెక్కాను.

ఇంటి ముందు షామియానా వేశారు. కుర్చీల్లో మగవాళ్లు కూర్చుని మిర్చి ధరలు మాట్లాడుకుంటున్నారు. మామయ్య వైపు దూరపు చుట్టం ఒకాయన, నాకు వినపడేటట్టే, పక్కాయనతో అన్నాడు: "ఎంతైనా ఆఫీసు మెట్లెక్కి మొగుడి పరువు దీసిన మనిషి. దేవుడు ఆయుష్షు మాత్రం గట్టిగా ఇచ్చాడు."

పక్కాయన తల ఊపాడు. ఆమె ఏం చేసిందో వాళ్లిద్దరికీ తెలుసు. ఎందుకు చేసిందో కూడా తెలుసు. తెలిసి ఇన్నేళ్లుగా ఇదే మాట చప్పరిస్తున్నారు. పదో రోజు భోజనాల్లో మళ్లీ ఇదే నములుతారు. కాబట్టి జరిగింది జరిగినట్టు ఒకరైనా రాసిపెట్టాలనిపించింది.

ఆమె మా నాన్నకి అక్క. మాది రెంటచింతల దగ్గర పల్లె. డిగ్రీ చదువుకోవడానికి నన్ను నరసరావుపేటలో ఆమె ఇంట్లో పెట్టారు. ఎనభైల నడుమ సంగతి ఇది. మామయ్యకి వినుకొండ రోడ్డులో జిన్నింగు మిల్లు ఉండేది. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజ వేరుచేసి, దూదిని బేళ్లు కట్టే మిల్లు. పన్ను తగ్గుతుందని ఆడిటరు చెబితే అత్తయ్యని అందులో భాగస్తురాలిగా రాయించారు. ఆమె నవ్వేది. "నా భాగం కాయితం మీదేనే. ఇంటికొచ్చేది ఆయన చొక్కాకంటిన దూది ధూళి."

అత్తయ్యకి ముక్కు చురుకు. పాలు విరగబోతున్నాయని కాచకముందే చెప్పేది. కందిపప్పు చేటలో పోసి ముందు వాసన చూసి, ఆ తర్వాతే రాళ్లు ఏరేది. నచ్చనిది ఏదైనా ఎదురైతే ముక్కు ఎడమపక్క కొద్దిగా ముడిపడేది. అంతే, నోరు పెంచేది కాదు. "రోతగా ఉందే" అని మెల్లిగా అనేది. ఒకసారి నేను, "అన్నిటికీ రోతేంటత్తా నీకు" అంటే, గిన్నె కడుగుతూనే చెప్పింది: "మనిషికి రోత పుట్టాలమ్మాయ్. పుట్టకపోతే అన్నీ అలవాటయిపోతయ్."

మామయ్య మద్రాసులో ఎవరో విదేశం నుంచి తెచ్చుకున్న జర్మనీ కారు కొన్నాడు. ఎర్రది, రెండే తలుపులు, నేలకి ఆనుకుని ఉండేది. బజారులో అందరూ నేలబారు కారు అనేవాళ్లు. మా రోడ్ల మీద నాపరాళ్ల లారీలు తిరిగి తిరిగి గోతులు పడి ఉండేవి. ఆ గోతుల్లో మామయ్య ఆ కారుని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు నడిపేవాడు. వేగంగా పోవడానికి చేసిన కారు ఎడ్లబండి వెనక దుమ్ము తింటూ పోతుంటే చూడాలి. అయినా మామయ్య దిగేసరికి బ్యాంకు మేనేజరు లేచి నిలబడేవాడు. ఆయనకి కావలసింది అదే.

ఒక ఎండాకాలం గుంటూరు పత్తి వ్యాపారి ఒకాయన్ని ఎత్తిపోతల జలపాతం చూపిస్తానని ఆ కారులో తీసుకెళ్లాడు. మాచర్ల దాటాక రోడ్డు మీదున్న రాయి తగిలి టైరు పక్కభాగం చీలిపోయింది. స్టెప్నీ మార్చి ఎట్లాగో ఇల్లు చేరారు. చూస్తే మిగతా టైర్లకీ పక్కలు ఉబ్బి ఉన్నాయి. పల్నాడు బస్టాండు దగ్గర టైర్ల అంగడి సాయిబుని పిలిపించారు. ఆయన కారు చుట్టూ తిరిగి, "సార్, ఈ కొలత మన దేశంలో తయారుగాదు. రిమ్ములతో సహా మార్చుకుంటే మామూలు కారు టైర్లు బిగిస్తా, మన రోడ్లకి అయ్యే చానా మేలు" అన్నాడు.

"మామూలు టైర్లేసుకుని తిరిగేదానికి ఈ కారెందుకయ్యా" అన్నాడు మామయ్య.

"అదే నేనూ అడుగుతున్నా" అంది అత్తయ్య లోపలినుంచి. సాయిబు నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు.

మామయ్య జర్మనీ నుంచే తెప్పించాలని పట్టుబట్టాడు. మద్రాసు నుంచి క్లియరింగు ఏజెంటు ఒకతను వచ్చాడు. రేవులో దిగిన సరుకుని కస్టమ్సు నుంచి విడిపించే దళారీ అన్నమాట. ఇంట్లోనే భోజనం. గోంగూర మూడుసార్లు వేయించుకుని తింటూ లెక్క చెప్పాడు. అక్కడ టైరు ధర ఇంత. దానికి ఓడ కిరాయి, బీమా. ఆ మొత్తం మీద సుంకం. సుంకం అసలు ధరని మించుతుంది. ఆ సుంకంతో కలిపి దాని మీద ఇంకో పన్ను. రేవులో పెట్టె కదలకుండా ఉన్నన్నాళ్లూ అద్దె. ఆఖర్న, "ఊరికే టీ ఖర్చులు కొన్ని ఉంటయ్ సార్, అయ్యి రసీదులో రావు" అన్నాడు. అంటే లంచం. ఒక్కో టైరు ఇల్లు చేరేసరికి అక్కడి ధరకి నాలుగింతలవుతుంది. నాలుగు టైర్లకయ్యే ఖర్చుతో ఆ రోజుల్లో మా ఊళ్లో ఎకరానికి పైనే రేగడి చేను వచ్చేది.

అత్తయ్య మజ్జిగ పోస్తూ అడిగింది: "ఈ సుంకం ఎందుకేస్తారయ్యా?"

"మన దేశంలో లేని వస్తువు కావాలన్నందుకు గవర్నమెంటు వేసే జరిమానా అనుకోండమ్మా."

"జరిమానా తప్పు జేసినోళ్లకి గదా ఏస్తారు."

అతను గట్టిగా నవ్వాడు. మామయ్య నవ్వలేదు. "ఏమే, నీకెందుకివన్నీ" అన్నాడు. అతను పోయాక అత్తయ్య ఆ విస్తరి తీస్తూ నాతో అంది: "వస్తువు ధర ఎప్పుడూ అడగబాక. అది మన గడప దాటి లోపలికొచ్చేసరికి ఎంతవుద్దో అడుగు."

టైర్లు రేవుకి చేరడానికి నెలలు పట్టింది. చేరాక ఏదో అనుమతి చాల్లేదన్నారు. పెట్టె అక్కడే పడి ఉంది, రోజురోజుకీ అద్దె పెరుగుతోంది. ఇంట్లో ఫోను మోగితే చాలు, మద్రాసు ట్రంకు కాల్ ఏమోనని మామయ్య తువ్వాలు భుజాన వేసుకుని పరుగెత్తేవాడు.

అదే సమయంలో మిల్లులో కోటమ్మ చెయ్యి జిన్నులో పడింది.

జిన్ను అంటే పత్తి గింజ తీసే యంత్రం. తిరిగే రోలర్ల ముందు ఇనుప మూత ఉంటుంది. పత్తి ఎత్తిపోయడానికి అది అడ్డమని, పని తొందరగా సాగాలని, సీజను మొదట్లోనే ఆ మూతలు తీయించేశారు. కోటమ్మ ఏళ్ల తరబడి ఆ మిల్లులో పత్తి ఎత్తిపోసే కూలీ. కుడిచేతి నడిమి వేళ్లు మూడూ పోయాయి. ఆమెని గుంటూరు పెద్దాసుపత్రికి పంపి, రోలరు తుడిచి, ఆ మధ్యాహ్నానికే మళ్లీ జిన్ను తిప్పారు. ఆ మాట మామయ్యే భోజనం చేస్తూ చెప్పాడు, అదేదో తన సమర్థత అన్నట్టు. ఆ తర్వాత గుమాస్తా చేతికి అయిదొందలూ, ఒక నేత చీరా ఇచ్చి కోటమ్మ ఇంటికి పంపాడు. ఎవరైనా ఇంకా ఇవ్వమంటే, "మిల్లు నష్టాల్లో ఉంది" అనేవాడు. ఆ వారంలోనే టైర్ల కోసం మద్రాసుకి డ్రాఫ్టు తీయించాడు.

టైర్లు వచ్చాయి. లారీలోంచి దించి, నూనె కాగితాలు విప్పి, ఊరగాయలు పెట్టుకునే గదిలో చెక్కల మీద నిలబెట్టారు. ఎండకి రబ్బరు పాడవుతుంది, చల్లగా ఉంచమని ఏజెంటు చెప్పాడట. మామయ్య తిన్నగా వెళ్లి తన తల్లి మంచం దగ్గరున్న టేబులు ఫ్యాను తీసుకొచ్చి టైర్లకి పెట్టాడు. పక్షవాతంతో ఏళ్లుగా మంచం దిగని మనిషి ఆమె. పల్నాడు ఎండలు ఎట్లా ఉంటాయో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ ముసలామె, "గాలి రావట్లేదేందిరా" అని అడుగుతూనే ఉంది. ఆయన వినపడనట్టు నడవలో తిరిగాడు. అత్తయ్య తాటాకు విసనకర్ర తీసుకుని అత్తగారి పక్కన కూర్చుంది. ముక్కు ఎడమపక్క ముడిపడే ఉంది. నేను ఫ్యాను తెస్తానని లేస్తే, "వొద్దు. ఎట్టాంటి మనిషో ఇల్లంతా చూడనీ" అంది.

కొత్త రబ్బరు కంపు నెమ్మదిగా ఇల్లంతా పట్టింది. ఆవకాయ జాడీ మూత తీస్తే రబ్బరు. చద్దన్నంలో రబ్బరు. ఉతికి ఆరేసిన చీరల్లో రబ్బరు. ఇప్పటికీ టైర్ల అంగడి ముందు నుంచి పోతే నాకు నోట్లో నీళ్లూరి వాంతి వచ్చేటట్టు అవుతుంది.

అట్లాంటి రోజుల్లోనే ఒక పొద్దున కోటమ్మ పెరటి వాకిట్లోకి వచ్చింది. చేతికి కట్టు ఉంది. అత్తయ్య పీట వేసి కూర్చోబెట్టి, మజ్జిగన్నం కలిపి గిన్నెలో పెట్టింది. కోటమ్మ ఎడంచేత్తో తినడానికి సిగ్గుపడింది. "తిను, ఎవరూ చూడర్లే" అని అత్తయ్య మొహం పక్కకి తిప్పుకుంది. నాలుగు ముద్దలు తిన్నాక కోటమ్మ అడిగింది: "ఏందమ్మా, ఇంట్లో ఈ వాసన?"

అత్తయ్య గిన్నెలో ఇంకాస్త మజ్జిగ పోసింది.

"డబ్బు కోసం రాలేదమ్మా. ఎడం చేత్తో ఊడ్చే పనన్నా ఇప్పించమని అయ్యగారికి జెప్పండి. ఇంట్లో కూచ్చుంటే పిచ్చెక్కతంది."

మామయ్య కిటికీలోంచి విన్నాడు. బయటికి రాకుండానే, "మిల్లు నష్టాల్లో ఉందే. వచ్చే సీజనుకి చూద్దాం పో" అన్నాడు. టేబులు ఫ్యాను చప్పుడు ఆయన వెనక గదిలోంచి వినపడుతూనే ఉంది. ఆ పూట అత్తయ్య అన్నం ముట్టలేదు.

కోటమ్మ అన్న ఎవరినో పట్టుకుని, నష్టపరిహారం కోసం గుంటూరులో లేబరాఫీసరుకి అర్జీ పెట్టించాడు. నోటీసు రాగానే మామయ్య ప్లీడర్ని పిలిచాడు. ఆయన మా ఇంటి వసారాలోనే జవాబు తయారుచేసి, భాగస్తురాలి సంతకం కావాలని అత్తయ్యని పిలిచాడు.

"ఏం రాశారో చదివి జెప్పండి" అంది ఆమె.

"మామూలేనమ్మా. ఆ మనిషి మన మిల్లు కూలీ కాదు. దూది దొంగతనం చెయ్యడానికి లోపలికొచ్చి, తెలియక యంత్రంలో చెయ్యి పెట్టింది. పైగా మిల్లు నష్టాల్లో ఉంది. అంతే."

అత్తయ్య కలం తీసుకోలేదు. "డబ్బులు ఇయ్యకపోతే ఇయ్యకపోయారు. వేళ్లు పోయినదాన్ని దొంగని జేత్తారా?"

"కోర్టు భాష అట్టాగే ఉంటదమ్మా."

"రోతగా ఉందయ్యా మీ భాష. నేను బెట్టను."

మామయ్య కుర్చీలోంచి లేచాడు. అరవలేదు. "నువ్వు బెట్టకపోయినా పనవుద్ది. నీ సంతకం దగ్గర ఆగేదేం లేదు" అన్నాడు.

"అయితే ఆ రోజు నేనూ గుంటూరు వస్తా" అంది అత్తయ్య.

ఆయన నమ్మలేదు. విచారణ రోజున మామయ్య, ప్లీడరు కలిసి కారులో బయల్దేరారు. టైర్లు బిగించాక ఆ కారు చేసిన మొదటి పెద్ద ప్రయాణం అది. వాళ్లు పోయాక అత్తయ్య తలదువ్వుకుని, జరీ లేని నీలం చీర కట్టుకుని, "పద" అని నన్ను లేవదీసింది. ఇద్దరం గుంటూరు బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె చేతిసంచి తాడు చుట్టడం, విప్పడం. ఫిరంగిపురం దాటాక అంది: "నాకు భయమేస్తందే. అయినా ఇంట్లో కూచ్చుంటే ఇంకా రోతగా ఉంటది."

ఆఫీసు గదిలో కోటమ్మ గోడవారన నిలబడి ఉంది. మమ్మల్ని చూసి మామయ్య మొహం మాడిపోయింది. ఆఫీసరు నడివయసాయన, నిదానస్తుడు. అత్తయ్య పేరు భాగస్తుల్లో ఉందని చూసి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఈ కోటమ్మ మీ మిల్లులో కూలీయేనా అమ్మా?"

"కూలీయేనండి. చానా ఏళ్లనుంచి. మా పెద్దపిల్ల పెళ్లికి పరుపులు గుట్టింది కూడా ఈమే."

"దొంగతనానికి వచ్చిందని మీవాళ్లు రాసిచ్చారు."

"దొంగతనానికొచ్చినోళ్లు దూది ఎత్తుకపోతారుగానీ, తిరిగే జిన్నులో చెయ్యి బెడతారా అండి? ఆ జిన్నుకి మూత ఉంటది. మావాళ్లే తీయించారు."

ప్లీడరు అడ్డం వచ్చాడు. "ఆడమనిషి సార్, మిల్లు సంగతులు తెలియవు. మిల్లు చానా నష్టాల్లో ఉంది."

అత్తయ్య కిటికీ వైపు చూపించింది. "బయట వేపచెట్టు కింద ఎర్రకారుందండి. దాని టైర్లు జర్మనీ నుంచి దిగినయ్. ఓడ కిరాయి ఎంతో, సుంకం ఎంతో, మద్రాసు రేవులో పెట్టెకి అద్దె ఎంత గట్టారో మా ఆయన్నే అడగండి. ఆ తర్వాత నష్టాల మాట చెప్పమనండి."

ఆఫీసరు లేచి కిటికీ దాకా వెళ్లి చూశాడు. మళ్లీ వచ్చి కూర్చుని, మామయ్యని ఒక్క మాట కూడా అడగకుండా చాలాసేపు రాసుకున్నాడు. కోటమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

తిరుగు బస్సులో మేం వస్తుంటే వెనక నుంచి ఆ కారు హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. అత్తయ్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దుమ్ము లోపలికి రాకుండా కిటికీ మూసింది.

పరిహారం కట్టమని ఉత్తర్వు వచ్చింది, కట్టారు. కోటమ్మ రెండు గేదెల్ని కొనుక్కుని పాలు పోసేది. కానీ మా వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు అత్తయ్య చేసింది మంచిపని అనలేదు. మా నాన్న మరుసటి వారమే ఊరినుంచి వచ్చాడు, వసారాలో నిలబడి, "అక్కా, ఆడదానివి ఆఫీసుకెక్కడమేంది? తలెత్తుకోలేకపోతున్నాం" అన్నాడు.

"ఒరేయ్, కోటమ్మా ఆడదే. అది మిల్లుకెక్కినప్పుడు మీకెవరికీ తల దిగలేదు."

మా నాన్న కాఫీ తాగకుండా వెళ్లిపోయాడు. మామయ్య ఆమెతో మాట మానేశాడు. ఉప్పు కావాలన్నా నాతో చెప్పించేవాడు. పెళ్లిళ్లకి పిలుపులు వచ్చేవి, పేరంటాళ్లు మాత్రం ఆమెకి కుంకుమ పెట్టి చప్పున పక్కకి జరిగేవాళ్లు. కూలీదాని వేళ్లు పోతే రాని రోత, దొడ్డమనిషి పరువు పోతే అందరికీ ఒక్కసారే వచ్చింది.

ఆ టైర్లు రెండు ఎండాకాలాలు కూడా నిలవలేదు. పిడుగురాళ్ల దగ్గర సున్నపురాళ్ల గుట్ట దిగుతుంటే ఒకటి చీలింది, మిగతావాటికి పగుళ్లు వచ్చాయి. మళ్లీ జర్మనీ అనడానికి మామయ్యకి ధైర్యం చాల్లేదో, డబ్బు చాల్లేదో, కారుని మిల్లు షెడ్డులో పెట్టేశాడు. సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. చివరికి తూకానికి అమ్మారు. ఆయన మంచాన పడ్డాక అత్తయ్యే అన్నీ చేసింది, ఒక్క పూట విసుక్కోలేదు. తప్పయిందని ఆయన చెప్పాడా అని ఒకసారి అడిగాను. "చెప్పలా. నేనూ అడగలా. అడిగి చెప్పించుకున్న మాట చద్దికంపు కొడతది" అంది.

నేను తర్వాత గవర్నమెంటు ఉద్యోగం చేశాను. ఇక్కడ ఒక్క సంతకం పెట్టండి మేడం, అందరూ పెట్టారు అని ఎవరైనా కాగితం ముందుకు జరిపినప్పుడల్లా నా ముక్కు ఎడమపక్క ముడిపడింది. అది ఆమె నాకిచ్చింది. దానివల్ల నేను పోగొట్టుకున్నవి ఉన్నాయి. వాటి మీద నాకు బెంగ లేదు.

కానీ ఆమె తలపుకొస్తే నాకు గుంటూరు ఆఫీసు గుర్తుకు రాదు. ఆ మరుసటి పత్తి సీజను గుర్తొస్తుంది. జిన్నులకి మూతలు మళ్లీ బిగించలేదని తెలిసి అత్తయ్య ఒక పొద్దున మిల్లుకి నడిచి వెళ్లింది. ఇంటినుంచి ఎప్పుడూ అటు పోని మనిషి. జిన్ను గదిలో కుర్చీ వేయించుకుని, "నేనూ భాగస్తురాల్నే. మూత లేని జిన్ను తిరిగిద్దేమో చూద్దాం" అని కూర్చుంది. మేస్త్రీ మామయ్య గది వైపు చూశాడు. ఆ గది తలుపు తెరుచుకోలేదు. మూతలు బిగించారు. మర్నాడు మళ్లీ తీస్తారేమోనని ఆమె మర్నాడూ వెళ్లింది. ఆ సీజనంతా వెళ్తూనే ఉంది.

మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వస్తుంటే వినుకొండ రోడ్డు మీద ఆమె ఎదురయ్యేది. జుట్టు నిండా, కనుబొమల నిండా, భుజాల మీద, రెప్పల అంచుల్లో సన్నటి దూది నూగు. ఎండలో తెల్లగా వెలుగుతూ, దులుపుకోకుండా, ఆకు అంగళ్ల ముందు నుంచి, అరుగుల మీద కూర్చుని మొహాలు తిప్పుకునే పెద్దమనుషుల ముందు నుంచి, నింపాదిగా నడుచుకుంటూ అన్నానికి ఇంటికి వచ్చేది.